మిద్దె మీద గాలిమర, కింద ఆయిల్ మోటారు: అపోహలు - వాస్తవాలు

మాది చిత్తూరులో హైడ్రాలిక్ రిపేరు షాపు. బోరు లారీలు, జేసీబీలు, గ్రానైట్ క్వారీ క్రేన్లు, వీటిమీదే మా బతుకు. కాలేజీ ప్రాజెక్టుల కాలం వస్తే మాత్రం తిరుపతి నుంచి ఇంజినీరింగ్ పిల్లలు దిగుతారు. "అన్నా, డ్రమ్ములు కోసి నిలువు గాలిమర చేసినాం. కింద ఆయిల్ పంపు పెట్టి దాంతో జనరేటర్ తిప్పాల. పాత గేర్ పంపు ఏమన్నా ఉందా?" గాలిమర పంపును తిప్పితే, పంపు నెట్టే ఆయిల్ ఒక మోటారును, ఆ మోటారు జనరేటర్‌ను తిప్పాలని వాళ్ల ఆలోచన. పంపు ఇస్తాను. ఇచ్చే ముందు కూర్చోబెట్టి ఈ లెక్కలు చెబుతాను.

అపోహ: నిలువు గాలిమరకు ఏ గాలైనా చాలు.

ఎటు నుంచి వీచినా తిరుగుతుంది, అంతవరకు నిజం. కానీ గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. తిరుమల కొండ మీద గాలిమరలు తిరగడం లేదా అంటారు. అవి కొండ మీద, పెద్ద టవర్ల మీద ఉన్నాయప్పా. మన మిద్దెకు పిట్టగోడ అడ్డం, పక్కింటి వాటర్ ట్యాంకు అడ్డం. ఆషాఢం గాలికి తిరిగిందని ఏడాదంతా తిరుగుతుందనుకోకూడదు.

200 లీటర్ల డ్రమ్ములు రెండు నిలువునా కోసి ఒకదానిమీద ఒకటి నిలబెడితే గాలికి ఎదురయ్యేది సుమారు 1.75 చదరపు మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల గాలి వీస్తే అంత మేరలో ఉండే శక్తి 130 వాట్లు. ఈ సావోనియస్ రకం (సగం డ్రమ్ముల్లాంటి రెక్కలుండే) రోటరు అందులో 15 శాతం పట్టిందనుకుందాం. ఇరుసు మీద 20 వాట్లు, నిమిషానికి దాదాపు 75 చుట్లు, టార్కు (అంటే తిప్పే బలం) 2.5 న్యూటన్ మీటర్లు. ఇక నా పని మొదలయ్యేది ఇక్కడే.

అపోహ: ఆయిల్ నలగదు కాబట్టి పట్టిన శక్తంతా కిందికి చేరుతుంది.

నొక్కినా ఆయిల్ కుదించుకుపోదు, నిజమే. కారుతుంది, రాసుకుంటుంది. చుట్టుకు 4 సీసీల గేర్ పంపు పెట్టారనుకోండి. 75 చుట్లకు నిమిషానికి 300 మిల్లీలీటర్లు రావాలి. ఆ పంపేమో 500 చుట్ల పైన తిరగడానికి చేసింది. ఇంత నిదానంగా తిప్పితే గేర్ల సందుల్లోంచే ఆయిల్ వెనక్కి జారిపోతుంది. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం. సరే, నిదానంగా తిరిగే 50 సీసీల ఆర్బిట్ మోటారునే (ఇదొక రకం హైడ్రాలిక్ మోటారు) పంపుగా వాడదామంటారా? అప్పుడు ఆ టార్కుకు వచ్చే ప్రెషర్ 3 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత). దాని సీళ్ల బిగువును దాటడానికే అది చాలదు. చిన్న పంపు పెడితే లీకు, పెద్ద పంపు పెడితే రాపిడి. మధ్యలో గేర్లు పెట్టి వేగం పెంచుకోవచ్చు. అన్ని గేర్లు పెట్టుకున్నాక ఆయిల్ ఎందుకు?

అసలు ఆయిల్ ఎందుకని ఎవరూ ముందు అడగరు. అడ్డ ఇరుసు గాలిమరల్లో జనరేటర్ బరువు టవరు కొసన ఉంటుంది. దాన్ని నేలకు దించడానికి ఆయిల్ ఒక దారి. మిత్సుబిషి వాళ్లు స్కాట్లాండ్‌లోని హంటర్‌స్టన్‌లో 7 మెగావాట్ల గాలిమరలో గేర్‌బాక్సు బదులు హైడ్రాలిక్స్ పెట్టారు. అంత బలం ఉన్నచోట ఆయిల్ రాజు. నిలువు గాలిమర ఇరుసు తనంతట తానే కిందికి దిగి ఉంటుంది. దాని కాళ్ల దగ్గరే నిదానంగా తిరిగే పర్మనెంట్ మాగ్నెట్ జనరేటర్ బిగించుకోవచ్చు. లేని రోగానికి మందు ఎందుకు?

అపోహ: గేజు మీద ప్రెషర్ ఎక్కితే పవర్ వచ్చినట్టే.

ప్రెషర్ అంటే లోడు మాత్రమే. బార్లను నిమిషానికి లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు. ఆ 4 సీసీల పంపు 40 బార్ చూపించినా, వచ్చేది నిమిషానికి 0.3 లీటరే, అంటే అవే 20 వాట్లు.

అపోహ: అక్యుములేటర్ పెడితే బ్యాటరీ అక్కర్లేదు.

అక్యుములేటర్ అంటే ఆయిల్‌ను ప్రెషర్‌తో నిల్వ ఉంచే సిలిండరు. 10 లీటర్లదాన్ని 100 నుంచి 200 బార్ల మధ్య వాడుకుంటే దక్కేది 20 వాట్ అవర్ల లోపే. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలో 84 ఉంటాయి.

అపోహ: వాల్వు మూస్తే రోటరు ఆగిపోతుంది, వేరే బ్రేకు ఎందుకు?

దీన్ని మాత్రం నవ్వి వదిలెయ్యను. నవంబరు తుపానుకు గాలి గంటకు 72 కిలోమీటర్లు అందుకుందనుకోండి. వేగం నాలుగింతలు, టార్కు పదహారింతలు. మామూలు గాలికి 40 బార్ చూపించిన ఆ 4 సీసీల పంపే, వాల్వు మూసి ఉంటే 600 బార్ దాటాలని చూస్తుంది. అలాంటి పంపులు తట్టుకునేది 200, 250 బార్లు. పంపుకూ వాల్వుకూ మధ్య రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ను వదిలేసేది) తప్పనిసరి. హోస్ పగిలిందా, రోటరుకు పగ్గం ఉండదు. అందుకే ఇరుసు మీదే వేరుగా మెకానికల్ బ్రేకు ఉండాలి. హోస్ చెమ్మగిల్లితే వేలు పెట్టి చూడొద్దు. సూది బెజ్జమంత రంధ్రంలోంచి ప్రెషర్‌తో వచ్చే ఆయిల్ చర్మంలోకి దూరిపోతుంది. చూడటానికి చిన్న గాటే, అయినా ఆపరేషన్ దాకా పోతుంది. రోటరు ఆపి, ప్రెషర్ దించి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.