కొండవాలులో ‘పైకి’ అంటే ఎటు?

ఉదయగిరి దుర్గం కింద, చలికాలపు సాయంత్రం, పొయ్యి పొగను చూడండి. ఎండ ఉన్నంతసేపూ కొండ వైపు ఒరుగుతూ లేచే పొగ పొద్దుగూకాక ఊరి వైపు తిరుగుతుంది. ఇంకాస్త రాత్రయితే పైకి పోవడమే మానేసి ఇళ్లకప్పుల ఎత్తున పరుచుకుంటుంది. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన్ని అడిగితే, “గాలి కొండ దిగతా ఉండాదయ్యా” అన్నాడు. శాస్త్రం చెప్పేదీ ఆ మాటే.

ఎండకు కొండవాలు కాగుతుంది. దాన్ని తాకిన గాలి వెచ్చబడి, తేలికై, వాలు పట్టుకుని ఎక్కుతుంది. రాత్రి వాలు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. పెంచలకోన, భైరవకోన అంటాం కదా, అలాంటి కోనలో ఇంకో సంగతి ఉంది. పడే ఎండ మైదానంలో ఎంతో ఇక్కడా సుమారుగా అంతే. కానీ సగం చోటు కొండలే ఆక్రమించాయి కాబట్టి వేడెక్కాల్సిన గాలి తక్కువ. అందువల్ల కోన పగలు మైదానం కంటే త్వరగా వేడెక్కుతుంది, రాత్రి త్వరగా చల్లబడుతుంది. ఆ తేడాయే గాలిని పగలు లోపలికి లాగి రాత్రి బయటికి తోస్తుంది.

దీన్ని కొలవడం దగ్గరే చిక్కంతా. 1846లో రాబిన్సన్ చేసిన తిరిగే గిన్నెల పరికరం అడ్డంగా వీచే గాలినే పట్టుకుంటుంది, మెల్లని గాలికి అసలు కదలదు. కోన నుంచి వేడి, తేమ, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పైకి ఎంత పోతున్నాయో తెలియాలంటే నిలువుగా కదిలే గాలి కావాలి. దానికి సోనిక్ ఎనిమోమీటర్ ఉంది. జానెడు దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు కొనల మధ్య అటూ ఇటూ ధ్వనిని పంపి, చేరిన సమయాల్లో తేడా చూస్తుంది. గాలితో పాటు వెళ్లిన ధ్వని ముందు చేరుతుంది, ఎదురు వెళ్లింది ఆలస్యమవుతుంది. ఇలా సెకనుకు 10, 20 సార్లు. పైకి లేచిన ప్రతి సుడి వెచ్చగా ఉందా, కిందికి దిగినది చల్లగా ఉందా అని చూసి, నిలువుగాలి హెచ్చుతగ్గులను వేడి హెచ్చుతగ్గులతో గుణించి, సాధారణంగా అరగంటకు సగటు తీస్తే ఎంత వేడి పైకి పోయిందో లెక్క తేలుతుంది. నాకు ఈ పద్ధతి ఎప్పుడూ అద్భుతంగానే అనిపిస్తుంది.

అయితే వాలు మీద ‘పైకి’ అంటే ఎటు? ఆకాశం వైపా, వాలుకు లంబంగానా? పరికరం ఒక్క డిగ్రీ ఒరిగితే, సెకనుకు 3 మీటర్లు వీచే అడ్డగాలి సెకనుకు 5 సెంటీమీటర్ల లేని నిలువుగాలిని చూపిస్తుంది. నిజమైన సగటు నిలువుగాలి తరచూ అంతకన్నా మించదు. అందుకే ముందు గాలి పారే తలాన్ని కనిపెట్టి, కొలతలను దానికి తగ్గట్టు తిప్పి గాని లెక్క మొదలుపెట్టరు.

రాత్రి కథ మరీ కష్టం. అడవి, నేల శ్వాసించి వదిలిన బొగ్గుపులుసు వాయువు చల్లగాలితో కలిసి నేలను పట్టుకుని వాగు దారిన జారిపోతుంది. ఈ పరికరాలు బిగించి, చెట్లకన్నా ఎత్తుగా నిలబెట్టిన స్తంభానికి అది కనిపించదు. అడవి ఆ రాత్రి ఊపిరే వదలలేదని స్తంభం చెబుతుంది!

అందుకే ఆల్ప్స్ పర్వతాల్లో టీమ్-ఎక్స్ అనే బహుళదేశ కార్యక్రమంలో వాలు పొడవునా స్తంభాలు, లేజరు కిరణాలతో దుమ్ము కదలికను చూసే లైడార్లు, బెలూన్లు కలిపి వాడారు. మన దగ్గర్లో, తిరుపతి పక్కన గాదంకిలో పై గాలులను కొలిచే 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది, గొప్ప పరికరం. కానీ దాని చూపు నేలకు కిలోమీటరు పైనే మొదలవుతుంది. జారే చల్లగాలి పొర మందం కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్లు.

ఉదయగిరి ఉన్న ఈ వెలిగొండల్లో ఇంకో తంటా. పగలు పొగ కొండ వైపు ఒరిగితే అది వాలు ఎక్కే గాలో, తూర్పు నుంచి వచ్చిన సముద్రపు గాలో పొగను చూసి చెప్పలేం. వేసవిలో పడమటి వడగాలి ఈ రెంటినీ అణచేస్తుంది. ఆ రోజుల్లోనే అడవికి నిప్పు అంటుకుంటుంది. పగటి మంట వాలు ఎక్కుతుంది, పడమటిగాలి తగ్గిన రాత్రుల్లో పొగ ఊళ్లోకి దిగుతుంది. ఎంత దిగుతుందో, ఎప్పుడు దిగుతుందో తెలియాలి. అందుకే మొదటి స్తంభం ఎక్కడ పాతాలని అడిగితే శిఖరం మీద వద్దంటాను. కోన వాగు మైదానంలోకి వచ్చే చోట, ఇళ్లకప్పుల ఎత్తున ఒక పరికరం, దానిపైన ఇంకొకటి పెట్టాలి.