చింతచేవ ఏనుగు

బుజ్జమ్మకు, చంటికి తాతయ్య ఆశీస్సులు.

“మిషను ఉంది కదా, మళ్లీ ఉలి ఎందుకు తాతయ్యా?” అని చంటి మొన్న ఫోనులో అడిగాడు. విజయనగరం సిరిమాను పండుగకు చెక్కి ఇస్తానన్న తెల్ల ఏనుగు సంగతి అది. తెల్ల ఏనుగన్నది మాటవరసకే. నా బల్ల మీద ఉన్నది ముదురు ఊదారంగు చింతచేవ, అంటే చింతమాను నడిమి గట్టి కర్ర. ఎండిన చింతకర్ర టేకు కన్నా రెండింతలకు పైగా గట్టిది.

దాన్ని బెల్లం దిమ్మ అనుకోండి. దిమ్మను నేరుగా కొరికితే పన్ను ఊడుతుంది. అందుకే మీ నాయనమ్మ ముందు పచ్చడిబండతో నాలుగు దెబ్బలు వేస్తుంది. కర్ర పనిలో ఆ బండే గ్రైండరు, పళ్ల చక్రం తిప్పే చేతి మిషను. నిమిషానికి 10 వేలకు పైగా చుట్లు తిరిగి, కాళ్ల సందుల్లో, తొండం చుట్టూ ఉన్న చెక్కను పొట్టు చేసేస్తుంది. (మీరు దాని జోలికి పోవద్దు. పళ్ల చక్రం కర్రలో ఇరుక్కుంటే చేతిని విసిరికొడుతుంది.) ఆ తరువాత మీరు బెల్లం ముక్కను మూల నుంచి ముందుపళ్లతో గీరుకుంటారు చూడండి, అది ఉలి. వానాకాలంలో బెల్లం మెత్తబడుతుంది. పచ్చి కర్ర కూడా ఉలికి అలాగే లొంగుతుంది. బండ తగిలిన చోట పొడి రాలితే, పన్ను గీరిన చోట నున్నగా ఉంటుంది. ఇక బెల్లాన్ని వదిలేస్తాను, దానికి నారలాంటి పోగులు ఉండవు.

కర్రకు ఉంటాయి. కిటుకంతా అక్కడే ఉంది. చక్రం పోగులను చీల్చుకుంటూ పోతుంది, ఒకచోట కాస్త ఆగితే కర్ర మాడి నల్లబడుతుంది. ఉలి కోస్తుంది, కోసిన చోట నూనె రాయకుండానే నిగ్గు తేలుతుంది. పైగా చింతలో పోగు తిన్నగా నడవదు. నిన్న ఏనుగు చెవి దగ్గర సాఫీగా జారుతున్న ఉలి చటుక్కున పట్టేసింది. పోగు తిరగబడింది అక్కడ. ఎదురువైపు నుంచి ఉలి పెట్టి మెల్లగా తోశాను, కాగితమంత పలచని పొట్టు చుట్టుకుంటూ లేచింది. మిషను హోరులో ఆ కబురు చేతికి అందదు.

మా నాన్న బొబ్బిలి దగ్గర నల్లతుమ్మతో బండిచక్రాలు చేసేవాడు. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణలు చేసేవాళ్లను చూస్తే నాకు అసూయగా ఉండేది. పనస ఎంత మంచిదో, చెప్పినమాట వింటుంది! నాన్న నాకు ఉలి ఇచ్చేవాడు కాడు, సానరాయి ఇచ్చేవాడు. గట్టి కర్రకు అంచు మరీ పలచన కూడదు, 30 డిగ్రీల వాలైనా ఉండాలి, లేకపోతే పెచ్చులు ఊడుతుంది. సాన పట్టాక ఎండలో పెట్టి చూడమనేవాడు. మొద్దు అంచు మీద సన్నని తెల్లగీత మెరుస్తుంది. పదునెక్కితే ఆ గీత మాయమవుతుంది. పని సాగనప్పుడు పెద్ద సుత్తి వెతుక్కోకుండా ముందు ఆ గీతను చూడాలర్రా. మీ లెక్కల పుస్తకానికీ ఇది పనికొస్తుంది.

ఈసారి పండుగకు నాలుగు రోజులు ముందే రండి. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి పూజారిని కూర్చోబెట్టుకుని ఊరేగే ఆ 60 అడుగుల మాను కూడా చింతే. హుకుంపేటలో వడ్రంగులు దాన్ని తీర్చిదిద్దుతుంటారు. కోసిన మొదలు దగ్గరకు వెళ్లి చూడండి. వేళ్ల నుంచి ఆకులకు నీళ్లు మోసేది బయటి పసుపుపచ్చని కండ. చేవలో ప్రాణం ఉండదు, అయినా చెట్టు ముదిరేకొద్దీ అది లోలోపల పెరుగుతూనే ఉంటుంది. పసుపు ఎక్కడ ఆగి ఊదా ఎక్కడ మొదలైందో చంటి టేపుతో కొలవాలి, బుజ్జమ్మ రాసుకోవాలి.

మీ తాతయ్య