కాగితం మీద కుట్టు: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

స్క్రాప్‌బుక్ పేజీలు, పెళ్ళి ఆల్బమ్‌లు, గ్రీటింగ్ కార్డులు మిషన్ మీద కుట్టి ఇవ్వడం నా పని. నేర్చుకుంటామని వచ్చేవాళ్ళూ, గిఫ్టులు చేయించుకునేవాళ్ళూ ఇంచుమించు అవే మాటలు అంటుంటారు. వాటిలో చాలావాటికి మూలం ఒకటే, కాగితాన్ని గుడ్డ అనుకోవడం. గుడ్డలో సూది పోగులను పక్కకు జరుపుకుని దూరుతుంది. కుట్టు విప్పేసి గోటితో గీకి ఇస్త్రీ పెట్టె తిప్పితే ఆ జాడ చాలావరకు పోతుంది. కాగితంలో జరగడానికి పోగులు లేవు. సూది దిగిన చోటల్లా కన్నం పడుతుంది, అది అలాగే ఉండిపోతుంది. ఈ సంగతి గుర్తుంటే కింద రాసిన వాటిలో సగం మీకే తడతాయి.

అపోహ: కాగితం కుడితే మిషన్ పాడైపోతుంది

ఈ భయంతోనే అమ్మలు మిషన్ ముట్టుకోనివ్వరు. నిజానికి అరిగేది మిషన్ కాదు, సూది. కాగితం నున్నగా, తెల్లగా రావడానికి తయారీలో సుద్ద, తెల్లమట్టి లాంటివి కలుపుతారు. సూది మొన వాటికి రాసుకుని మొద్దుబారుతుంది. తర్వాత అదే సూదితో పట్టు జాకెట్టు కుడితే పోగులు లాగేస్తుంది, నింద మాత్రం మిషన్ మీద పడుతుంది. అందుకే కాగితానికి వేరే సూది పెట్టుకోండి. దాని పైభాగాన నెయిల్ పాలిష్ చుక్క పెడితే కలిసిపోదు. పల్చటి కాగితానికి 11 నంబరు, కార్డు షీటుకి 14 నంబరు సరిపోతుంది. 16 వేస్తే దారం కన్నా కన్నమే ఎక్కువ కనిపిస్తుంది.

రెండోది పొడి. కాగితం కుట్టాక గుడ్డను ముందుకు జరిపే పళ్ళ కింద, కింది దారం పెట్టే షటిల్ చుట్టూ పిండిలా చేరుతుంది. నూనెతో కలిస్తే ముద్దకడుతుంది కాబట్టి ఆ రోజుకారోజు చిన్న బ్రష్‌తో తీసేయాలి. నోటితో ఊదకండి, ఇంకా లోపలికి పోతుంది. నూనె వేసిన రోజు ముందు చిత్తుకాగితం మీద, మరక పడడం ఆగేదాకా కుట్టండి. గుడ్డయితే ఉతుక్కోవచ్చు, పేజీని ఏం చేస్తాం?

అపోహ: కుట్టు ఎంత సన్నగా ఉంటే అంత గట్టి

టైలరింగ్ నేర్చుకుని ఇటు వచ్చినవాళ్ళకు వదలని అలవాటు ఇది. జాకెట్టుకి అదే నిజం. కాగితానికి పూర్తిగా తలకిందులు. అంగుళానికి 12 కుట్లు పడ్డాయనుకుందాం. 12 అంగుళాల పేజీకి ఒక్క అంచునే 144 కన్నాలు. తపాలా బిళ్ళలు సులువుగా చింపుకోవడానికి వరసగా కన్నాలు వేసినట్టే మన పేజీకి మనమే వేసుకుంటున్నామన్నమాట. అంగుళానికి 6 కుట్లకు తగ్గిస్తే కన్నాలు 72కి దిగుతాయి, చూడ్డానికీ దారం నిండుగా కనిపిస్తుంది. మడత మీద, బైండింగ్‌కి ఆనుకుని మాత్రం కుట్టు వేయకండి. పేజీ తిప్పినప్పుడల్లా అక్కడే వంగుతుంది కాబట్టి అర అంగుళం వదలాలి.

ఇదే లెక్కన చివర్లో వెనక్కి నడిపే రివర్స్ కుట్టు కూడా వద్దు. వేస్తే ఒకేచోట రెండేసి కన్నాలు పడి మూల ఊడిపోతుంది. దారాలు నాలుగు వేళ్ళంత వదిలి కత్తిరించి, వెనక దారాన్ని మెల్లగా లాగితే పైదారం చిన్న ఉచ్చులా వెనక్కి వస్తుంది. దాన్ని సూది మొనతో పూర్తిగా లాగి, రెండూ కలిపి ముడేసి, పుల్లతో జిగురు చుక్క అద్దితే చాలు.

అపోహ: తప్పుపడితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు

కుదరదు. అందుకే ముందు పెన్సిల్ గీత గీసుకుని, అదే రకం కాగితం చిత్తుముక్క మీద ఒక వరస కుట్టి చూసుకోవాలి. వంకర పోతే దాని పక్కనే కావాలని ఇంకో వంకర వరస వేసి డిజైన్ అనిపించండి. మరీ ఘోరంగా ఉంటే పైన కప్పేయడానికి హైదరాబాద్ లాడ్ బజార్‌లో గోటా అంచు, అంటే మెరిసే రిబ్బన్ పట్టీ, ఉండనే ఉంది.

అపోహ: జరీ దారం మిషన్ మీద నడవదు

సూదిలో ఎక్కిస్తే నడవదు, అంతవరకు నిజమే. సూది కంట్లో ఒరుసుకుని జరీ పైపూత ఊడి గుత్తులుగా చిక్కుపడుతుంది. అయితే సూదిలోనే ఎక్కించాలని ఎవరన్నారు? జరీని చేత్తో బాబిన్‌కి, అంటే కింది దారం ఉండే చిన్న చక్రానికి, చుట్టండి. పైన మామూలు పాలిస్టర్ దారం ఉంచండి. పేజీని బోర్లా తిప్పి, వెనకవైపు పెన్సిల్ గీత మీద కుట్టండి. కింది దారం ముందువైపు పడుతుంది కాబట్టి తిప్పి చూస్తే జరీ గీత తళుక్కుమంటుంది. జరీ లావుగా ఉంటే బాబిన్ కేసు మీది చిన్న స్క్రూని పావు చుట్టు వదులు చేయాలి. ఎంత తిప్పారో మరిచిపోతే మళ్ళీ సరిచేయడానికి ప్రాణం పోతుంది, ఈ పనికి విడిగా ఇంకో బాబిన్ కేసు కొనుక్కోవడం నయం. నారాయణపేట చీర అంచునో పోచంపల్లి ముక్కనో పేజీ మీద పెట్టేటప్పుడు ఈ జరీ వరసే నాకిష్టం. జిగురు రాస్తే పట్టు మీదికి మరక పొంగుతుంది, కుట్టుకి ఆ బెడద లేదు.

అపోహ: ఖరీదైన మిషన్ కావాలి

అక్కర్లేదు. అటకెక్కిన నల్ల మిషన్, చేత్తో తిప్పేదైతే మరీ మంచిది. మూల దగ్గర ఒక్కో కుట్టు ఆపి ఆపి వేసుకోవచ్చు.

అపోహ: ఫోటోనే కుట్టేస్తే ఊడదు, లామినేషన్ చేయిస్తే చెడదు

ఈ రెండు మాటలూ వింటే నాకు గుండె గుభేలుమంటుంది. స్టూడియో ప్రింటులో బొమ్మ ఉండేది పైపొరలోనే. సూది దిగితే ఆ పొర పగులుతుంది, పగులు దగ్గర తేమ చేరుతుంది. ఫోటోను కుట్టకండి, ఫోటోకి జేబు కుట్టండి. పల్చటి కాగితాన్ని మూడు వైపులా కుట్టి, పై అంచు వదిలేస్తే ఫోటో జారి కూర్చుంటుంది, కావాలంటే బయటికీ వస్తుంది.

లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు ఫోటోకి పట్టేస్తుంది, ఇక విడదీయలేం. తాతయ్యగారి పెళ్ళి ఫోటో ఒక్కటే ఉంటే ముందు స్కాన్ చేయించి, ఆల్బమ్‌కి కొత్త ప్రింటు తీయించుకోండి. అసలుది కాగితం కవర్లో బీరువాలో ఉంచుకోండి. బంక పేజీ మీద ప్లాస్టిక్ పొర ఉండే పాత ఆల్బమ్‌లదీ ఇదే కథ, కొన్నేళ్ళకు ఫోటో ఊడి రాదు. వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు కూడా ఫోటోలకు మంచివి కావు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి అడగండి.

అపోహ: ‘యాసిడ్ ఫ్రీ’ అని రాసుంటే కాగితం పసుపెక్కదు

పసుపెక్కడానికి ఆమ్లం ఒక్కటే కారణం కాదు. చెక్కగుజ్జులో ఉండే లిగ్నిన్ కూడా వెలుతురు తగిలి రంగు మారుతుంది. దినపత్రిక ఎండలో ఉంటే త్వరగా పసుపెక్కేది దానివల్లే. కాబట్టి ‘లిగ్నిన్ ఫ్రీ’ అని కూడా చూసుకోవాలి. పత్తి గుజ్జుతో చేసిన చేతి కాగితంలో లిగ్నిన్ దాదాపు ఉండదు. అన్నప్రాశన రోజు పేపరు కటింగ్ పెట్టాలంటే మంచి కాగితం మీద రంగు జిరాక్స్ తీయించి పెట్టండి. సెల్లోటేపు మాత్రం ఎక్కడా వద్దు.

డబుల్ టేపు వాడితే కుట్టుగీతకు అర సెంటీమీటరు దూరంగా అంటించండి. సూదికి బంక పట్టిందా, కుట్లు తప్పడం మొదలవుతుంది. ఫెవికాల్‌లో నీళ్ళుంటాయి, ఎక్కువ రాస్తే పేజీ అలలు తిరుగుతుంది. సన్నగా రాసి, బరువు కింద పూర్తిగా ఆరాకే మిషన్ ఎక్కించాలి.

అపోహ: మంచి కాగితం ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది

పెళ్ళికార్డుల ప్రెస్సులతో నిండిన ఛత్తా బజార్ మనకు ఉండగా! వేలితో పట్టుకుని మందం చూసుకోవచ్చు. పేజీకి 200 నుంచి 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుందో చెప్పే లెక్క) బావుంటుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కార్డు వద్దు, కన్నం చుట్టూ తెల్లగా లేస్తుంది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత అట్లాసుల పేజీలు కంటికి ఇంపుగా ఉంటాయి కానీ పెళుసు. వెనక గట్టి షీటు వేసి కలిపి కుట్టాలి.

అపోహ: చేత్తో చేసింది కాబట్టి చవగ్గా రావాలి

“కాగితం ముక్కలే కదా అక్కా, ఇంతా?” అని అడుగుతారు. కాగితం ఖరీదు నిజంగానే తక్కువ. మీరిచ్చే డబ్బు గీత గీసి, చిత్తుముక్క మీద చూసి, కుట్టి, ప్రతి దారాన్నీ వెనక్కి లాగి ముడేసే గంటలకు. ఖర్చు తగ్గాలంటే పేజీలు తగ్గించుకోండి, తీరిక సమయంలో ఆర్డరివ్వండి. శ్రావణంలో పెళ్ళయితే ఆషాఢం మొదట్లోనే చెప్పండి. ముహూర్తాలుండవు, మా చేతులు ఖాళీగా ఉంటాయి. కాకపోతే అది వానాకాలం, ఫెవికాల్ ఆరదు, కాగితం మెత్తబడుతుంది. అదనంగా రెండు రోజులు అడిగితే విసుక్కోకండి.