కర్ర చివర చిక్కం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. మొన్న వీడియో కాల్‌లో చిన్నా చేతిలో కర్ర చూసి సీతాకోకచిలుకలు పట్టే వల అనుకున్నాను. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. సరే, ఇప్పుడు నవ్వే వంతు నాది. ‘లాక్రాస్ బాగా ఆడితే టఫ్ట్స్ కాలేజీలో ఫీజు కట్టక్కర్లేదు తాతయ్యా’ అన్నావు కదరా చిన్నా, అక్కడ ఆ పప్పులుడకవు. ఎందుకో తెలియాలంటే కాస్త పాత కథ చెప్పాలి.

కర్ర చివరి చిక్కంతో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆ ఆట అసలు హక్కుదారులు హౌడెనోసౌనీ లాంటి ఉత్తర అమెరికా ఆదివాసులు. సృష్టికర్త సంతోషం కోసం ఆడే ఆట అని వాళ్ళ నమ్మకం. చిక్కం కట్టిన ఆ వంపు కర్రను చూసి ‘లా క్రాస్’ అని పేరు పెట్టినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. 1867లో మాంట్రియల్‌లో బీర్స్ అనే పళ్ళ డాక్టరు దానికి నియమాలు రాశాడు. అక్కణ్ణుంచి కాలేజీల్లోకి పాకింది.

ఇక అసలు సంగతి. అమెరికాలో కాలేజీ ఆటలంటే పెద్ద వ్యాపారం. పెద్ద యూనివర్సిటీలు ఆటగాళ్ళకు ఫీజులు మాఫీ చేసి మరీ తెచ్చుకుంటాయి. ఇది నచ్చని నాలుగు చిన్న కాలేజీలు, ఆమ్‌హర్స్ట్, బోడన్, వెస్లియన్, విలియమ్స్, 1955లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ముందు చదువు, తర్వాతే ఆట. ఆ మొక్కే 1971లో పదకొండు కాలేజీల సంఘం అయింది. దాన్ని ముద్దుగా ‘నెస్కాక్’ అంటారు. న్యూ ఇంగ్లండ్ చిన్న కాలేజీల క్రీడా సంఘమన్నమాట. మీ పక్కనున్న టఫ్ట్స్, కొండల్లో ఉన్న మిడిల్‌బరీ, మెయిన్ రాష్ట్రంలోని బేట్స్, కోల్బీ అన్నీ మొదటినుంచీ అందులోనివే. ఆట పేరు చెప్పి ఎవరికీ స్కాలర్‌షిప్ ఇవ్వరు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉంటే సాయం చేస్తారు గానీ, గోల్స్ లెక్కపెట్టి కాదు.

కోచ్‌లు ఊళ్ళు తిరిగి ఆటగాళ్ళను వెతుక్కురాకూడదని కూడా అప్పట్లో నియమం ఉండేది. ఆ గొడవ ఐస్ హాకీ దగ్గర ముదిరి, యూనియన్ కాలేజీ 1977లో బయటికి పోయింది. ఐదేళ్ళకు దాని ఖాళీలోకి కనెక్టికట్ కాలేజీ వచ్చింది. హామిల్టన్‌ది ఇంకో తమాషా. పేరుకు ఈ సంఘంలోనే ఉంటూ, చాలా ఆటలు 2011 దాకా వేరే సంఘంలో ఆడుతూ ఉండేది. పుట్టిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి!

అన్నిటికన్నా కటువైన కట్టుబాటు మరొకటి. జట్టు ఎంత బాగా ఆడినా జాతీయ టోర్నమెంటుకు పంపేవారు కారు. లాక్రాస్ వసంతకాలపు ఆట. జాతీయ పోటీలు సరిగ్గా మే నెలలో, పరీక్షలప్పుడు వచ్చిపడతాయి. చిన్న కాలేజీల మగపిల్లల టోర్నమెంటు 1980లో మొదలైతే, వరుసగా పన్నెండేళ్ళు కప్పు హోబర్ట్ కాలేజీ ఎగరేసుకుపోయింది. నెస్కాక్ పిల్లలు మాత్రం తమ ప్రాంతీయ పోటీలతోనే సరిపెట్టుకునేవారు. ఇది చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. బడి పంతులుగా ముప్పయ్యేళ్ళు పరీక్షలు పెట్టినవాణ్ణే, అయినా ఆడగలిగినవాణ్ణి గీత దగ్గర నిలబెట్టడం అన్యాయం అనిపించింది. ప్రిన్సిపాళ్ళకూ అలాగే అనిపించిందో ఏమో, 1993లో ‘పోనీ, చూద్దాం’ అని ప్రయోగంగా గేటు తీశారు. మళ్ళీ మూయలేదు. 1999 నుంచి తమలో తాము ఛాంపియన్‌షిప్‌లు కూడా పెట్టుకున్నారు.

గేటు తీయగానే ఏమైందో చూడండి. మిడిల్‌బరీ ఆడపిల్లలు 1997లో, 1999లో జాతీయ కప్పు కొట్టారు. ఆ ఊరి మగపిల్లలు 2000, 2001, 2002 వరుసగా మూడు. 2003లో ఆమ్‌హర్స్ట్ అమ్మాయిలు, 2012లో ట్రినిటీ అమ్మాయిలు. టఫ్ట్స్ అబ్బాయిలు 2010లో మొదలుపెట్టి, 2014, 2015, మళ్ళీ 2024. మిడిల్‌బరీ అమ్మాయిలైతే 2022, 2023, 2024 మూడేళ్ళూ కప్పు ఇంకొకరికి దక్కనివ్వలేదు. బుజ్జీ, కర్ర తమ్ముడి చేతిలోనే ఎందుకుందో మీ అమ్మనడుగు.

వీటన్నిటిలో నాకు నచ్చింది వెస్లియన్ కథ. 1955లో ఒప్పందం మీద సంతకం పెట్టిన ఆ నలుగురిలో ఒకటి కదా. ఏ ఆటలోనూ జాతీయ కప్పు ముఖం చూడని కాలేజీ అది. 2018లో లాక్రాస్‌లో, ఆరితేరిన సాలిస్‌బరీని 8-6 తేడాతో ఓడించి మొదటిసారి తెచ్చుకుంది. ఫీజు మాఫీ మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అందుచేత చిన్నా, లెక్కల పుస్తకం మంచం కింద నుంచి బయటికి తియ్యి. ఏప్రిల్‌లో నేను వస్తున్నాను. టఫ్ట్స్ మైదానం మీ ఇంటికి దగ్గరే కాబట్టి ఒక మ్యాచ్‌కి తీసుకెళ్ళాలి. అప్పటికి చలి తగ్గుతుందో, నా మఫ్లర్ తెచ్చుకోవాలో మీ నాన్ననడిగి చెప్పండి.

మీ తాతయ్య