గట్క నుంచి తెల్లన్నం దాకా: నడుము ఎందుకు పెరిగింది

మా నానమ్మ జొన్నలను విసురురాయిలో పలుకుగా విసిరి, కుండలో ఉడికించి గట్క చేసేది. మజ్జిగ పోసుకుని, ఉల్లిగడ్డ నంజుకుని తినేవాళ్లం. చెలక భూముల ఇంట్లో వరి అన్నమంటే పండగే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద పొలాలున్నవారి సంగతి వేరు.

ఆ తరువాత నీళ్లు వచ్చాయి. 1963లో పునాది పడిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు గోదావరిని కాకతీయ కాలువ మీదుగా కరీంనగర్, వరంగల్ పొలాలకు తెచ్చింది. కాలువ చేరని చోట బోర్లు పడ్డాయి. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను; ఎందరి కడుపులో ఆకలి మంటనో అది చల్లార్చింది. కానీ పళ్లెంలో అన్నం పెరిగినంతగా పప్పు, కూర పెరగలేదు. జొన్న చేలు తగ్గిపోయాయి. మక్కలు కోళ్ల దాణాకు వెళ్తున్నాయి.

అదే కాలంలో ఒంటి పనీ తగ్గింది. నాగలి స్థానంలో ట్రాక్టరు, కొడవలి స్థానంలో హార్వెస్టరు వచ్చాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లయితే ఒడిలో చాట పెట్టుకుని పొద్దంతా కూర్చునే ఉంటారు. వాళ్లను బద్ధకస్తులనడం అన్యాయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో 32 మంది అధిక బరువుతో ఉన్నారు. మనవాళ్లలో కొవ్వు ఎక్కువగా పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే తూకం మామూలుగా ఉన్నా షుగర్, బీపీ, గుండెజబ్బు, కాలేయానికి కొవ్వు పట్టడం కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులు సరేసరి.

మళ్లీ జొన్నలకు మారితే చాలని కొందరంటారు. నిజానికి వంద గ్రాముల జొన్నల్లోనూ బియ్యంలోనూ శక్తి కొంచెం అటూఇటూగా ఒకటే, 330-360 కేలరీలు. తేడా అంతా పీచులో ఉంది: జొన్నల్లో 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపు. పీచు వల్ల కడుపు త్వరగా నిండుతుంది కాబట్టి మేలే, కానీ ఐదారు రొట్టెలు తింటే బరువు తగ్గదు. అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోటును పప్పుతో, కూరగాయలతో నింపడం, వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం నాకు నమ్మకమున్న దారి. ఎనభై కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా షుగర్, బీపీ అదుపులోకి రావడం మొదలవుతుంది.

కొలుచుకోవడానికి టైలరు టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా చుట్టాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే, ఏ నొప్పీ లేకపోయినా షుగర్, బీపీ పరీక్షలు చేయించుకోవాలి.