వేసవి సెలవుల్లో కాదర్రా!

బరంపురం

పిల్లలూ,

మే నెలలో ఒడిశా సముద్రతీరంలోని భితర్‌కనికా మడ అడవి చూపించమని ముగ్గురూ కలిసి రాసిన ఉత్తరం అందింది. చూపిస్తాను గానీ మేలో కుదరదు. మే 1 నుంచి జులై ఆఖరుదాకా అక్కడికి ఎవరినీ రానివ్వరు. అది ఉప్పునీటి మొసళ్ళు గుడ్లు పెట్టే కాలం. మన ఏటి మొసలైతే ఇసకలో గొయ్యి తవ్వి పెడుతుంది. ఇది ఆకూ అలమూ బురదా పోగేసి దిబ్బ కడుతుంది, అందులో యాభై అరవై గుడ్లు. ఆకులు కుళ్ళి పుట్టే వేడి చాలు వాటికి. లోపల ఆడపిల్లో మగపిల్లో తేల్చేది కూడా ఆ దిబ్బ వేడే! పిల్లలయ్యేదాకా తల్లి పక్కనే కాపలా. అప్పుడు దగ్గరికెళ్తే మీదికొస్తుంది, తప్పు వెళ్ళినవాళ్ళది. 1975 ప్రాంతంలో అక్కడ వందలోపే ఉన్న మొసళ్ళు ఇప్పుడు 1,700 దాటాయి.

డిసెంబరులో వెళ్దాం. జనవరిలో మొసళ్ళ లెక్కింపని మళ్ళీ కొన్నాళ్ళు మూసేస్తారు. పర్లాకిమిడి నుంచి మిమ్మల్ని మీ నాన్న ఇక్కడ దింపేస్తే చాలు. రైల్లో భద్రక్, రోడ్డున చాంద్‌బాలి, అక్కణ్ణుంచి బైతరణిలో పడవ.

పడవ టైము మాత్రం మన చేతిలో లేదు. ఆ కాలవల్లో నీరు రోజుకి రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు తీస్తుంది. అదీ నిన్నటికంటే ఇవాళ ఓ 50 నిమిషాలు ఆలస్యంగా. నీరు తీస్తే సన్న కాలవల్లో పడవ బురదకి కరుచుకుంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మరీ ఎక్కువ, అష్టమికి తక్కువ. అందుకే ముందు పంచాంగం చూసి, పడవవాళ్ళని అడిగి, ఆ తరవాతే రైలు టిక్కెట్లు. మీ నాన్న దీన్ని చాదస్తమంటాడు, అననీ.

నీరు తీసిన వేళే మొసళ్ళు చలికాలపు ఎండకి బురదగట్టున పడుకుంటాయి. పెద్ద కాలవలోనే ఉండి దూరంనుంచి చూద్దాం. మడచెట్ల ఊపిరివేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి కనిపించేదీ అప్పుడే. పడవలోంచి చెయ్యి బయటపెట్టే అలవాటున్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి, ఇంట్లో మామ్మ దగ్గర వదిలేస్తాను.

గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళ కోసం గహీర్‌మఠ తీరానికి తీసుకెళ్ళమని అడక్కండి, అక్కడ దిగనివ్వరు. అయినా మనకి రుషికుల్య నది మొగ ఉందిగా! ఫిబ్రవరి మార్చిల్లో సంగతి, అప్పుడు చూద్దాం.

బురదకి పనికొచ్చే పాత చెప్పులు దాచుకోండి. తిథి చూసి తేదీ మళ్ళీ రాస్తాను.

మీ తాతయ్య