బస్సు చప్పుడుకి ఎందుకు ఉలిక్కిపడతాం?

1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్' అనే హారర్ సినిమాలో ఒక అమ్మాయి రాత్రిపూట ఒంటరిగా నడిచి వెళ్తుంటుంది. వెనకాల ఇంకొకరి అడుగుల చప్పుడు. కాసేపటికి అదీ ఆగిపోతుంది. ఏ మూల నుంచి ఏం మీద పడుతుందోనని మనం బిగుసుకుపోయి చూస్తుంటే, బుస్సుమంటూ ఓ బస్సు వచ్చి ఆగుతుంది. అంతే. దెయ్యం లేదు, నెత్తురు లేదు. నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద ఈ ట్రిక్కుని 'ల్యూటన్ బస్సు' అంటారు.

ఈ ఉలికిపాటుకి ఆలోచనతో పనిలేదు. పెద్ద శబ్దం చెవిన పడగానే మెదడు కింది భాగంలోని నరాలు నేరుగా కండరాలకి కబురు పంపేస్తాయి. సెకనులో పదో వంతు గడవకముందే రెప్పలు పడతాయి. "ఓస్, బస్సేనా" అనే తెలివి ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. అప్పటికే భయపడుతూ ఉంటే మాత్రం ఉలికిపాటు ఇంకా పెద్దదవుతుంది. ఆ నిశ్శబ్దం పని అదే. నిశ్శబ్దం లేకుండా ఒట్టి మోతతో నెట్టుకొచ్చే సినిమాలంటే నాకు చిరాకు.

నాకు ఇష్టమైనవి ఎదురుచూపుతో చంపేవి. 'జాస్' (1975) షూటింగులో యంత్రపు సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని చాలాసేపు చూపించకుండానే కథ నడపాల్సి వచ్చింది. కనిపించని సొరచేపే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ముప్పు ఉందని తెలిసి, ఎప్పుడో ఎక్కడో తెలియకపోతే శరీరం కాపలా దిగదు.

'ద థింగ్' (1982) లాంటి బాడీ హారర్‌లో, అంటే శరీరం వికృతంగా మారిపోవడాన్ని చూపించే సినిమాల్లో, భయంతో పాటు అసహ్యం కూడా ఉంటుంది. రెండూ ఒకటి కావు. భయానికి గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. నెత్తురు చూస్తే మాత్రం కొందరికి రెండూ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ధైర్యవంతులు కూడా ఇక్కడ కూలబడతారు.

జపాన్ 'రింగు' (1998) దారి వేరు. దెయ్యం పాత్రధారిణిని వెనక్కి నడిపించి చిత్రీకరించి, ఆ ఫిల్మును తిరగేసి ఆడించారు. నడకలో ఏదో తేడా ఉందని తెలుస్తుంది, అదేమిటో చెప్పలేం. అచ్చం మనిషిలా ఉండీ కాస్త తేడా కొట్టే రూపం ఒళ్లు జలదరింపజేస్తుందని రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశారు.

మరి భయానికి మెదడులో ఒకే చిరునామా ఉందా? మెదడులో భయానికి కీలకమైన అమిగ్డాలా అనే భాగం రెండువైపులా దెబ్బతిన్న ఒకావిడ ఉన్నారు. పరిశోధకులు ఆమెను ఎస్.ఎం. అని మాత్రమే పిలుస్తారు. పాములు, హారర్ సినిమా దృశ్యాలు, దేనికీ ఆమెకు భయం కలగలేదు. దృశ్యాల్ని ఆసక్తిగా చూశారు కూడా. 2013లో వెలువడిన పరిశోధనలో మాత్రం, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలిని ఒక్కసారి పీల్పించగానే ఊపిరాడనట్టయి, భయంతో ముఖం మీది మాస్కు వైపు చెయ్యి ఆడిస్తూ సాయం చేయమని అరిచారు. అంటే ఒకే చిరునామా లేదన్నమాట.